అంకెతో పాటు అది వచ్చిన పద్ధతినీ అచ్చు వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రికలోని ఆరోగ్య పేజీని ఏళ్ల తరబడి శ్రద్ధగా చదువుతున్న పాఠకురాలిని. నగరంలోని ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కమ్యూనిటీ మెడిసిన్ (సమాజ ఆరోగ్య శాస్త్రం) బోధించి ఉద్యోగ విరమణ చేశాను. పీజీ విద్యార్థుల థీసిస్‌లకు గైడుగానూ, పరీక్షకురాలిగానూ పనిచేసినందువల్ల వైద్య పరిశోధనలో అంకెలు ఎలా పుడతాయో దగ్గరి నుంచి చూశాను. ఫలానా పదార్థం తింటే గుండెపోటు ఇంత శాతం తగ్గుతుందని, నగరవాసుల్లో ఇన్ని శాతం మందికి ఫలానా లోపం ఉందని ఈమధ్య పెద్ద అక్షరాల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. ఎంతమందిని చూసి ఆ మాట చెప్పారు, వాళ్లను ఎలా ఎంచుకున్నారు, ఎవరితో పోల్చారు, దేనితో కొలిచారు అన్న సంగతులు మాత్రం చాలా వార్తల్లో ఉండవు. ఒక అంకెను ఎంతవరకు నమ్మవచ్చన్నది లెక్కలు కట్టడానికి చాలా ముందే, అధ్యయనాన్ని రూపొందించుకునే రోజునే నిర్ణయమైపోతుంది. అక్కడ జరిగిన లోపాన్ని తర్వాత ఏ కంప్యూటరూ సరిదిద్దలేదు. అందుకే ఈ విషయాన్ని కొంచెం వివరంగా మీ దృష్టికి, మీ ద్వారా తోటి పాఠకుల దృష్టికి తేవాలనుకున్నాను.

ఒక కాలనీలో ఆదివారం ఉదయం ఉచిత మధుమేహ పరీక్షా శిబిరం పెట్టారనుకుందాం. 200 మంది వచ్చారు, వారిలో 80 మందికి షుగర్ ఎక్కువగా ఉంది. మరునాటి పేపర్లో ఆ కాలనీలో ప్రతి పదిమందిలో నలుగురికి షుగర్ ఉందని వస్తుంది. ఆ శిబిరానికి వచ్చేదెవరో ఆలోచించండి. ఇదివరకే షుగర్ ఉండి, డబ్బులు లేకుండా చూపించుకోవచ్చని వచ్చేవారు కొందరు; అమ్మానాన్నలకు ఉంది కనుక తమకూ వచ్చిందేమోనని బెంగపడేవారు కొందరు; రిటైరై తీరికగా ఉన్నవారు మరికొందరు. ఇరవై ఏళ్ల కుర్రవాడు గానీ, ఆదివారం కూడా పనికి పోయే తాపీమేస్త్రీ గానీ, నాలుగిళ్లలో అంట్లు తోమే ఆవిడ గానీ ఆ వరుసలో పెద్దగా కనిపించరు. పైగా పరగడుపున వచ్చినవారికీ, ఇడ్లీలు తిని వచ్చినవారికీ వేలి కొసన ఒక్క చుక్క తీసి ఒకే హద్దుతో తేల్చేస్తే ఆ 80 అన్న అంకెకే నిలకడ లేదు. శిబిరం పెట్టడం మంచి పనే, తెలియకుండా జబ్బుతో తిరుగుతున్నవారు అక్కడ బయటపడతారు. అయితే దాన్ని కాలనీ మొత్తానికి లెక్కగా చెప్పకూడదు. కాలనీ లెక్క కావాలంటే ముందు ఇళ్ల జాబితా తయారుచేసి, అందులోంచి లాటరీ పద్ధతిలో ఇళ్లను ఎంచి, ఎంచిన ఇంటికి తాళం వేసి ఉంటే పక్కింటి తలుపు తట్టకుండా మళ్లీ అదే ఇంటికి సాయంత్రమో మరో రోజో వెళ్లాలి. తాళం వేసిన ఇల్లంటే భార్యాభర్తలిద్దరూ పనికి పోయే ఇల్లు. అలాంటి ఇళ్లన్నీ జారిపోతే మిగిలేది పగటిపూట ఇంట్లో ఉండేవారి ఆరోగ్యం మాత్రమే.

దేశంలో మధుమేహం మీద భారత వైద్య పరిశోధన మండలి నిధులతో జరిగిన ఇండియాబ్ సర్వే ఈ కష్టమంతా పడింది. 2008 నుంచి 2020 వరకు విడతలవారీగా రాష్ట్రాలన్నీ తిరిగి, 20 ఏళ్లు దాటిన 1,13,043 మందిని చూసి, 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు 2023లో ప్రకటించింది. అంత సమయం, అంత శ్రమ పట్టింది కాబట్టే ఆ 11.4 శాతాన్ని దేశానికి వర్తింపజేయగలుగుతున్నాం. శిబిరం నుంచి వచ్చిన 40 శాతాన్నీ, సర్వే నుంచి వచ్చిన 11.4 శాతాన్నీ ఒకే రకమైన అక్షరాల్లో అచ్చు వేస్తే, వాటి మధ్య తేడా పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

ఎంతమందిని చూడాలన్న ప్రశ్నకు మా పీజీలందరికీ కంఠతా వచ్చిన సూత్రం ఒకటుంది: ఫోర్ పీ క్యూ బై ఎల్ స్క్వేర్. పీ అంటే ఆ జబ్బు వందలో ఎంతమందికి ఉండవచ్చని మన అంచనా, క్యూ అంటే వందలో మిగిలినవారు, ఎల్ అంటే మన జవాబు అటూ ఇటూ ఎంత తప్పినా ఫరవాలేదని మనం ఒప్పుకునే హద్దు. జబ్బు వందలో పదిమందికి ఉండవచ్చనుకుంటే, ఒక్క శాతం లోపు తేడాతో తెలుసుకోవాలంటే 3,600 మందిని చూడాలి. రెండు శాతం తేడాకు ఒప్పుకుంటే 900 మంది చాలు. అయిదు శాతానికి ఒప్పుకుంటే 144 మందితో పని అయిపోతుంది. థీసిస్‌కు ఉన్నది ఏడాదో ఏడాదిన్నరో కాబట్టి, విద్యార్థి ముందు తనకు దొరికే కేసులు 150 అని తేల్చుకుని, ఆ సంఖ్య వచ్చేదాకా ఎల్‌ను పెంచుకుంటూ పోతాడు. లెక్క తప్పు కాదు, కానీ దాని అర్థం జవాబు అయిదు నుంచి పదిహేను శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చని. ఆ వెడల్పు థీసిస్ లోపలి పేజీల్లోనే ఉండిపోయి, పేపర్ దాకా వచ్చేసరికి పది అన్న ఒక్క అంకె మాత్రమే మిగులుతుంది.

సంఖ్య పెద్దదైనంత మాత్రాన సత్యం దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. దీనికి మన నగర చరిత్రలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. శస్త్రచికిత్సలో మత్తుకు క్లోరోఫారం ఇచ్చినప్పుడు అప్పుడప్పుడు రోగులు చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది 19వ శతాబ్దపు వైద్యుల మధ్య పెద్ద వివాదం. నిజాం సంస్థానంలో రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు ప్రమాదం లేదని గట్టిగా నమ్మినవాడు. నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. వందలాది కుక్కల మీద, ఇతర జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని ప్రకటించారు. ప్రయోగాల సంఖ్య అప్పటికి అసాధారణమైనదే. అయినా 1911లో గుడ్‌మన్ లెవీ అనే శాస్త్రవేత్త పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు సంగతి బయటపెట్టాడు. మత్తు లోతుగా ఉన్నప్పుడు కంటే, మత్తు పలచగా ఉండి ప్రాణి బెదిరి ఉన్నప్పుడే, ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆపరేషన్ బల్ల మీద భయంతో వణికే రోగి పరిస్థితి అదే. మన కమిషన్ చూసింది ప్రధానంగా లోతైన మత్తులో జరిగే మరణాలను. ప్రశ్న ఏ పరిస్థితి గురించినదో ఆ పరిస్థితే ప్రయోగంలోకి రాకపోతే వందలు చేసినా వేలు చేసినా జవాబు రాదు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రోజూ రోగులకు మత్తు ఇచ్చిన అనుభవం లారీకి అపారంగా ఉంది. ఆ అనుభవమే ఆయనను మరో కోణం చూడనివ్వలేదేమోనని నాకు అనిపిస్తుంది.

కొలత సంగతికి వస్తాను. ఏ ఓపీలోనైనా బీపీ రిజిస్టరు తీసి ఒక పేజీ చూడండి. 120/80, 130/90, 140/90, 130/80, మళ్లీ 120/80. పాదరసం మీటరు మీద చిన్న గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి కాబట్టి, సరిగా చదివితే అంకెలు 124, 136, 118 ఇలా అన్ని సరిసంఖ్యలతోనూ ముగియాలి, సున్నాతో ముగిసేవి అయిదింటిలో ఒకటే ఉండాలి. పేజీ నిండా సున్నాలే ఉన్నాయంటే, రాసిన మనిషి కళ్లతో చదివి ఆపై దగ్గరి పదికి సర్దేసిందన్నమాట. వార్డులో రోగుల రద్దీ మధ్య ఆ నర్సు చేసిన పనిని నేను తప్పుపట్టను, వైద్యానికి ఆ మాత్రం చాలు. అదే రిజిస్టరును పరిశోధనకు వాడి, 140 దాటినవారు ఇన్ని శాతం అని చెప్పబోతే మాత్రం 138నీ 142నీ 140లోకి తోసేసిన ఆ చేయి మన శాతాన్ని అటో ఇటో లాగేస్తుంది. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టకుండా, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఆన్చకుండా, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి ఒక్కసారి చూసి రాసుకున్న బీపీ కూడా అంతే. పరిశోధనలో కనీసం రెండుసార్లు చూసి సగటు తీసుకోవాలన్న నియమం అందుకే వచ్చింది.

రక్తహీనత విషయంలో ఈ కొలత తేడా దేశ స్థాయిలోనే కనిపించింది. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందన్నారు. అక్కడ వేలి నుంచో మడమ నుంచో తీసిన చుక్క రక్తాన్ని ఇంటి దగ్గరే చిన్న యంత్రంతో చూశారు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల రక్తనాళం నుంచి నమూనా తీసి ప్రయోగశాలకు పంపితే 41 శాతం వచ్చింది. వయసు హద్దుల్లో కొంత తేడా ఉన్నా, ఇంత అంతరానికి రక్తం తీసిన తీరు కూడా ఒక ముఖ్య కారణమని నిపుణులు భావించారు. వేలిని నొక్కి రక్తం తీస్తే దానిలో కణజాల ద్రవం కలిసి హిమోగ్లోబిన్ తక్కువగా చూపించే అవకాశం ఉంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన సర్వేలో రక్తనాళం నుంచే నమూనాలు తీసుకోవాలని నిర్ణయించడానికి ఈ చర్చే నేపథ్యం. ఇనుము మాత్రలు ఎన్ని కోట్లు కొనాలి, బియ్యంలో ఇనుము కలపాలా వద్దా అన్న విధాన నిర్ణయాలన్నీ ఈ ఒక్క చుక్క రక్తం తీసిన పద్ధతి మీద ఆధారపడి ఉన్నాయి.

పోలికకు ఒక జట్టు ఎందుకు ఉండాలన్నది పాఠకులకు చెప్పడానికి మన నగరవాసులందరూ ఎరిగిన చేప ప్రసాదాన్నే తీసుకుంటాను. ఏటా మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో, ఉబ్బసంతో బాధపడేవారు దేశం నలుమూలల నుంచి వచ్చి గంటల తరబడి వరుసలో నిలబడి, కొరమీను పిల్ల నోట్లో పెట్టిన పసుపురంగు మందును మింగి వెళతారు. ఉచితంగా, తరతరాలుగా ఇస్తున్నవారి సేవాభావం మీదా, తీసుకునేవారి నమ్మకం మీదా నాకు గౌరవమే ఉంది. తర్వాత చాలామంది తగ్గిందని చెప్పడం కూడా అబద్ధం కాదు. అయితే ఉబ్బసం ఒకే స్థాయిలో ఉండే జబ్బు కాదు, కొన్ని నెలలు పెరుగుతుంది, కొన్ని నెలలు తగ్గుతుంది. మనిషి ఎప్పుడు ప్రయాణం కడతాడు? బాధ బాగా ముదిరినప్పుడు. ముదిరిన బాధ ఏ మందూ వేసుకోకపోయినా చాలామందిలో కొన్నాళ్లకు మామూలు స్థాయికి దిగుతుంది. ఆ దిగడాన్ని మందు ఖాతాలో వేస్తున్నామా లేదా అన్నది తేల్చాలంటే ఒకే ఒక్క దారి ఉంది. ఒప్పుకున్న రోగులను లాటరీ వేసి రెండు జట్లు చేయాలి. ఒక జట్టుకు అసలు మందుతో చేప, రెండో జట్టుకు అదే రంగు, అదే రుచి ఉన్న హానిచేయని ముద్దతో చేప ఇవ్వాలి. ఎవరిది ఏ ముద్దో రోగికీ, పరీక్షించే వైద్యుడికీ తెలియకూడదు. రెండు జట్ల వారూ తమ ఇన్‌హేలర్లు మానకూడదు. ఏడాది పొడవునా ఊపిరి ఎంత వేగంగా వదలగలరో చూపే పీక్ ఫ్లో మీటరులో ఊది కొలతలు రాసుకోవాలి. అప్పుడు రెండు జట్ల మధ్య మిగిలిన తేడా ఏమైనా ఉంటే అది మందుది. ఏ వైద్య విధానం మందుకైనా, ఏ బహుళజాతి కంపెనీ మాత్రకైనా నేను అడిగేది ఇదే పరీక్ష.

లాటరీ అన్న మాట తేలికగా కనిపించినా దానిలోనే ఈ శాస్త్రం సారమంతా ఉంది. ఒకప్పుడు క్షయకు శానిటోరియం తప్ప దారి లేదనుకునేవారు. అనంతగిరి కొండల్లోనూ, మదనపల్లె ఆరోగ్యవరంలోనూ మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి ఇచ్చి నెలల తరబడి ఉంచేవారు. మందులు వచ్చాక, ఇరుకు ఇళ్లలో ఉండే పేదవారికి ఇంటి దగ్గరే మందులిస్తే సరిపోతుందా అన్న ప్రశ్నకు 1956లో మద్రాసులో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 193 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండుగా విభజించి సగం మందిని శానిటోరియంలోనూ, సగం మందిని ఇంట్లోనూ ఉంచి, ఇద్దరికీ అవే మందులు ఏడాది పాటు ఇచ్చారు. శానిటోరియం వారికి తిండి మెరుగ్గా ఉంది, విశ్రాంతి ఎక్కువగా ఉంది. అయినా నయమవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఇంట్లోవారికి అంటుకోవడమూ పెరగలేదు. 1959లో ఆ ఫలితం వెలువడ్డాక ప్రపంచమంతటా క్షయ వైద్యం ఆసుపత్రి మంచం మీది నుంచి ఇంటికి వచ్చింది. ఎవరిని ఎక్కడ ఉంచాలన్నది వైద్యుల ఇష్టానికే వదిలి ఉంటే, తేలిక జబ్బు ఉన్నవారు ఇంట్లోనూ, ముదిరినవారు శానిటోరియంలోనూ తేలేవారు, ఆ పోలికకు విలువే ఉండేది కాదు. ఇప్పటికీ మన థీసిస్‌లలో సరి ఓపీ నంబరు వస్తే ఈ మందు, బేసి నంబరు వస్తే ఆ మందు అని రాసి దాన్ని లాటరీ అంటున్నారు. తర్వాత వచ్చే రోగికి ఏది పడుతుందో వైద్యుడికి ముందే తెలిసిపోయే పద్ధతి లాటరీ కాదు. తనకు నచ్చిన మందు నచ్చిన రోగికి పడేలా ఒక్క నంబరు అటూ ఇటూ చేయడానికి దురుద్దేశం అక్కర్లేదు, జాలి చాలు. అందుకే ఎవరికి ఏది అన్నది మూసిన కవర్లలోనో, వేరే వ్యక్తి దగ్గరో ఉండాలంటారు.

అన్నిటికీ లాటరీ వేయలేం. మనుషులను ఎంచి పొగ తాగమని చెప్పలేం, పిల్లలను ఎంచి పస్తు పెట్టలేం. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక తెలివైన మార్గం చూపింది. అంగన్‌వాడీ పథకం అప్పటికే చేరిన 15 గ్రామాల్లో గర్భిణులకూ, చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందుతోంది. ఇంకా చేరని 14 గ్రామాలు పోలికకు ఉన్నాయి. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని కొలిస్తే, ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. లాటరీ లేదు కాబట్టి గ్రామాల మధ్య ఇతర తేడాలు కూడా ఉండవచ్చన్న జాగ్రత్త ఈ ఫలితంతో పాటే నడుస్తుంది, పరిశోధకులు దాన్ని దాచలేదు. అదే జాగ్రత్త, కేబీఆర్ పార్కులో రోజూ నడిచేవారికి గుండెజబ్బులు తక్కువ అన్నటువంటి వార్తలకు ఉండదు. పొద్దున్నే అక్కడ నడవగలిగినవారికి ఇల్లు దగ్గర, జీతం ఎక్కువ, డాక్టరు అందుబాటు, తిండి మెరుగు. తగ్గించింది నడకా, మిగతావా? మెనోపాజ్ దాటాక హార్మోన్లు వాడే స్త్రీలలో గుండెజబ్బు తక్కువగా ఉందని ఎన్నో పరిశీలనలు చెప్పగా, అమెరికాలో 16 వేల పైచిలుకు స్త్రీలకు లాటరీ పద్ధతిలో ఇచ్చి చూసిన పరీక్షను మేలు కంటే కీడు ఎక్కువని 2002లో అర్ధాంతరంగా ఆపవలసి వచ్చింది. హార్మోన్లు వాడిన స్త్రీలు మొదటి నుంచీ ఆరోగ్యం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టగలిగిన స్త్రీలు కావడం ఆ పాత పరిశీలనలను తప్పుదారి పట్టించిన కారణాల్లో ఒకటి.

లాటరీ వేసిన ఒక్క అధ్యయనమే ఆఖరి మాట అని కూడా నేను అనను. 1990లో పిల్లలకు విటమిన్ ఏ ఇవ్వడం మీద రెండు అధ్యయనాలు వెలువడ్డాయి. రెండింటిలోనూ 15 వేల పైచిలుకు పిల్లలున్నారు. తిరుచిరాపల్లి ప్రాంతంలో వారం వారం చిన్న మోతాదు ఇస్తే పిల్లల మరణాలు సగానికి పైగా తగ్గాయి. హైదరాబాద్ దగ్గరి గ్రామాల్లో ఆరు నెలలకు ఒకసారి పెద్ద మోతాదు ఇస్తే మరణాల్లో తేడా రాలేదు. తర్వాత ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలతో జరిగిన అధ్యయనం 2013లో వెలువడితే అందులోనూ నిర్ధారణగా చెప్పగల తేడా కనిపించలేదు. మోతాదు, పిల్లల తొలి పోషణ స్థితి, ఇంటింటికీ వెళ్లే కార్యకర్త వల్ల అందిన ఇతర వైద్యం, ఇవన్నీ ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. ఇందులో ఏ ఒక్కదాన్ని పట్టుకుని శీర్షిక పెట్టినా పాఠకుడు తప్పుదారి పడతాడు.

శాతాల గురించి చెప్పడానికి శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్ టీకా లెక్క కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. మూడో దశ పరీక్షలో 25,800 మంది స్వచ్ఛందంగా చేరారు. 2021 మార్చిలో మొదటి విడత లెక్క ప్రకటించినప్పుడు, టీకా జట్టులో 7, ఉత్తుత్తి టీకా జట్టులో 36, మొత్తం 43 కేసులే ఉన్నాయి. దాని మీద 81 శాతం సామర్థ్యం అన్నారు, అంటే టీకా జట్టులో జబ్బు రెండో జట్టు కంటే అంత తక్కువ. తర్వాత 130 కేసులు చేరేసరికి టీకా జట్టులో 24, రెండో జట్టులో 106 ఉన్నాయి, సామర్థ్యం 77.8 శాతమైంది. దానికి ఇచ్చిన హద్దులు 65.2 నుంచి 86.4. అంటే ఇదే పరీక్షను ఇలాగే మళ్లీ మళ్లీ చేసి ప్రతిసారీ ఇలా హద్దులు గీస్తే, వందలో 95 సార్లు నిజమైన సామర్థ్యం ఆ హద్దుల లోపల ఉంటుంది. 81 నుంచి 77.8కి తగ్గిందని టీకా బలహీనపడినట్టు కొందరు భయపడ్డారు, నిజానికి రెండో అంకె ఎక్కువ కేసుల మీద నిలబడిన గట్టి అంకె. ఇక్కడ మరో సంగతి. లెక్కలోకి వచ్చిన సుమారు 17 వేల మందిలో టీకా లేని జట్టులో వందకు ఒకటింబావు మందికి జబ్బు వచ్చింది, టీకా జట్టులో వెయ్యికి ముగ్గురి కంటే తక్కువ మందికి వచ్చింది. అంటే ఆ కొద్ది నెలల్లో నూరుమందికి టీకా వేస్తే సుమారు ఒక్కరికి జబ్బు తప్పింది. 77.8 శాతం ఎంత నిజమో ఇదీ అంతే నిజం. జబ్బు ఉద్ధృతంగా వ్యాపించే రోజుల్లో ఈ ఒక్కరు అన్న లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫలానా మాత్రతో ప్రమాదం సగం తగ్గిందని వార్త వచ్చినప్పుడు, ఎంతలో సగం అని కూడా రాయండి. వెయ్యిలో ఇద్దరు ఒక్కరు కావడమూ సగమే, నూరులో నలభై ఇరవై కావడమూ సగమే.

ఇక పీ వాల్యూ (మందుకు ప్రభావమే లేకపోయినా ఇంత లేదా ఇంతకు మించిన తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) 0.05 కంటే తక్కువైతే రుజువైపోయినట్టే అన్న నమ్మకం గురించి ఒక్క మాట. ఏ ప్రభావమూ లేని మందును ఇరవై రకాల ఫలితాల మీద పరీక్షిస్తే, సగటున ఒకదానిలో కాకతాళీయంగా ఆ హద్దు దాటుతుంది. ఆ ఒక్కదాన్నే ఏరి చూపకుండా ఉండాలంటే ప్రధానంగా ఏం కొలవబోతున్నామో రోగులను చేర్చుకోకముందే నలుగురికీ తెలిసేలా రాసిపెట్టాలి. 2007లో మొదలైన భారతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇందుకే ఉంది. 2009 జూన్ నుంచి మందుల పరీక్షలకు ఆ నమోదు తప్పనిసరి చేశారు. ఆ రిజిస్ట్రీని ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడవచ్చు. విలేకరులు అందులో మొదట ఏం రాశారో, చివరికి ఏం ప్రకటించారో పక్కపక్కన పెట్టి చూడటం పెద్ద పని కాదు.

అనుమతి విషయాన్ని కూడా రూపకల్పనలో భాగంగానే చూడాలి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా ప్రదర్శనాత్మక ప్రాజెక్టు కింద ఇచ్చినప్పుడు, చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని తర్వాత తేలింది. 2010లో ప్రాజెక్టును ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. కొందరు బాలికల మరణాలకు టీకాయే కారణమని విచారణ సంఘం చెప్పలేదు. అయినా దుష్ఫలితాలను నమోదు చేసే ఏర్పాటు, టీకా వేయించుకోని అదే వయసు బాలికల్లో మరణాలతో పోల్చే ఏర్పాటు ముందు నుంచే పకడ్బందీగా ఉండి ఉంటే అనుమానానికి చోటు ఉండేది కాదు. ఎంతో మేలు చేయగల ఒక టీకా మీద మన ప్రాంతంలో ఏళ్ల తరబడి అపనమ్మకం మిగిలింది. దీనికి నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఈ లోపాలన్నిటికీ మూలం మా వైద్య విద్యలోనే ఉందని ఒప్పుకోవాలి. పీజీలో చేరిన పిల్లలకు మొదటి ఆరు నెలల్లో సినాప్సిస్ (థీసిస్ ఎలా చేయబోతున్నారో చెప్పే ప్రణాళిక) సమర్పించమంటారు. వార్డు డ్యూటీల మధ్య నిద్రకు కూడా తీరిక లేని ఆ అమ్మాయి, అబ్బాయి సీనియర్ల థీసిస్ ఒకటి తెచ్చుకుని పేరు, ఊరు మార్చి ఇచ్చేస్తారు. కేసులన్నీ అయిపోయాక, సమర్పణకు పది రోజుల ముందు, ఎక్సెల్ షీటు పట్టుకుని స్టాటిస్టిక్స్ అధ్యాపకుడి దగ్గరికి వచ్చి, సర్, ఏదైనా టెస్ట్ పెట్టి సిగ్నిఫికెన్స్ వచ్చేలా చూడండి అంటారు. ఆ మాట ఎన్ని గదుల్లో విన్నానో. పిల్లల్ని నిందించను. పీజీలందరూ చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్ పరిశోధన కోర్సు పూర్తి చేయాలన్న నియమం మంచి మార్పే తెచ్చింది. దానితో పాటు, పరిశోధనకు నైతిక అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి వెళ్లకముందే ప్రతి సినాప్సిస్‌నూ ఒక స్టాటిస్టీషియన్, ఒక కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకుడు కలిసి కూర్చుని చూసే పద్ధతి ప్రతి కళాశాలలో రావాలి. ప్రశ్న చిన్నదైనా ఫరవాలేదు, దానికి జవాబు దొరికే పద్ధతి ఉండాలి.

మీకు నా విన్నపం ఇది. ఆరోగ్య పేజీలో అధ్యయన వార్త వచ్చినప్పుడు, కింద చిన్న పెట్టెలో రెండు మూడు పంక్తులు కేటాయించండి. ఎంతమంది, ఎక్కడివారు, ఎలా ఎంచిన వారు, పోలికకు జట్టు ఉందా, లాటరీ పద్ధతిలో విభజించారా, మనుషుల మీద చేసిందా, జంతువుల మీదా, ఖర్చు ఎవరు పెట్టారు అన్నవి అందులో ఉండాలి. ఆసుపత్రి ప్రకటననే వార్తగా ఇస్తున్నప్పుడు అది ప్రకటన అని తెలిసేలా రాయండి. మీరు వార్తగా వేసిన అధ్యయనాన్ని, దాన్ని ప్రచురించిన వైద్య పత్రిక తర్వాత వెనక్కి తీసుకుంటే, మొదటి వార్త ఎక్కడ వేశారో అక్కడే ఆ సంగతి కూడా వేయండి. జిల్లా విలేకరులకు ఒక పూట శిక్షణ పెట్టదలిస్తే, నగరంలోని వైద్య కళాశాలల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల్లో సంతోషంగా వచ్చి చెప్పే అధ్యాపకులు ఉన్నారు. పిలిస్తే నేనూ వస్తాను.

భవదీయురాలు,
విశ్రాంత కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్.